జేమ్స్ టేలర్ 'గ్రేటెస్ట్ హిట్స్' (1976): తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇంటికి వచ్చినవాళ్లు రికార్డ్ ప్లేయర్ పక్కన ఈ ఎల్పీ చూసి అడిగేవి కొన్ని, గిటార్ నేర్చుకుంటున్న పిల్లలు అడిగేవి కొన్ని. ఒకే జవాబు పదిసార్లు చెప్పేకన్నా ఒకచోట రాసిపెడితే మేలనిపించింది.

అసలు ఏమిటీ ఆల్బమ్?

అమెరికన్ గాయకుడు జేమ్స్ టేలర్ పాటల సంకలనం. 1976 నవంబర్‌లో వార్నర్ బ్రదర్స్ విడుదల చేసింది. మొత్తం 12 పాటలు, ఎల్పీకి ఒక్కోవైపు ఆరు. 1970 నుంచి 1976 దాకా ఆయన వార్నర్‌కు ఆరు స్టూడియో ఆల్బమ్‌లు చేశాడు. వాటి సారమూ, అంతకుముందు లండన్‌లో చేసిన మొదటి ఆల్బమ్ నుంచి రెండు పాటలూ ఇందులో ఉన్నాయి. దీని తర్వాత ఆయన వార్నర్‌ను వదిలి కొలంబియా రికార్డ్స్‌కు వెళ్లిపోయాడు. అంటే ఒక రకంగా ఇది లెక్కలు తేల్చుకుని ఇల్లు ఖాళీ చేసేటప్పుడు కట్టిన మూట.

సింగర్-సాంగ్‌రైటర్ అంటే మన వాగ్గేయకారుడేనా?

అంతకన్నా మంచి మాట నాకు దొరకలేదు. సాహిత్యం తనదే, వరస తనదే, గొంతూ తనదే. మనకు అన్నమయ్య, క్షేత్రయ్య, త్యాగయ్య అలాంటివారు. సినిమా వచ్చాక ఆ పని ముగ్గురు పంచుకున్నారు. ఒకరు రాస్తారు, ఒకరు బాణీ కడతారు, ఒకరు పాడతారు. పాత పద్ధతి జానపదంలో, ఉద్యమ గీతాల్లో బతికింది. గద్దర్, వంగపండు, గోరటి వెంకన్న తమ పాట తామే రాసి తామే పాడినవాళ్లు. అయితే టేలర్ పాట పదిమందిని కదిలించేందుకు కాదు, ఒక్కడు గదిలో కూర్చుని తన గోడు తాను చెప్పుకునేందుకు. 1971 మార్చి 1న 'టైమ్' పత్రిక కొత్త రాక్ సంగీతం గురించి రాస్తూ ముఖచిత్రంగా ఈయన బొమ్మే వేసింది. గట్టిగా అరిచే రోజులు పోయి మెల్లగా పాడే రోజులొచ్చాయన్నది ఆ కథనం సారాంశం.

ఈ 12లో ఆయన రాసినవి పది. మిగతా రెండు వేరేవాళ్లవి, వాటి సంగతి కింద ఉంది.

'గ్రేటెస్ట్ హిట్స్' అన్నారు కదా, అన్నీ హిట్లేనా?

కాదు. అమెరికాలో వారంవారం పాటలకు స్థానాలిచ్చే బిల్‌బోర్డ్ హాట్ 100 జాబితాలో మొదటి పదిలోకి వెళ్లినవి మూడే: 'యూవ్ గాట్ ఎ ఫ్రెండ్' (1), 'ఫైర్ అండ్ రెయిన్' (3), 'హౌ స్వీట్ ఇట్ ఈజ్' (5). 'డోంట్ లెట్ మీ బి లోన్లీ టునైట్' 14 దాకా, 'షవర్ ద పీపుల్' 22 దాకా వెళ్లాయి. 'కంట్రీ రోడ్' 37 దగ్గర, 'మెక్సికో' 49 దగ్గర ఆగిపోయాయి. అందరూ ఆయన పేరుతో కలిపి చెప్పే 'స్వీట్ బేబీ జేమ్స్' చార్టుల్లో కనబడనే లేదు. 'కరోలైనా ఇన్ మై మైండ్' 1969లో సింగిల్‌గా వచ్చినప్పుడు మొదటి వందలోకే రాలేదు.

ఇక మొదటి రెండు పాటలు ఈ ఆల్బమ్ కోసమే కొత్తగా రికార్డు చేసినవి. చివరిది లైవ్. పేరు చూసి పాత సరుకంతా మూటగట్టి అమ్మారనుకుంటాం గానీ, పన్నెండింటిలో మూడు రికార్డింగ్‌లు ఆయన స్టూడియో ఆల్బమ్‌లు వేటిలోనూ దొరకవు. నన్నడిగితే దీన్ని విడిగా ఒక ఆల్బమ్‌గానే లెక్కేయాలి.

పాటల వరస ఏమిటి?

మొదటి వైపు 'సమ్‌థింగ్ ఇన్ ద వే షీ మూవ్స్', 'కరోలైనా ఇన్ మై మైండ్', 'ఫైర్ అండ్ రెయిన్', 'స్వీట్ బేబీ జేమ్స్', 'కంట్రీ రోడ్', 'యూవ్ గాట్ ఎ ఫ్రెండ్'. రెండో వైపు 'డోంట్ లెట్ మీ బి లోన్లీ టునైట్', 'వాకింగ్ మ్యాన్', 'హౌ స్వీట్ ఇట్ ఈజ్', 'మెక్సికో', 'షవర్ ద పీపుల్', 'స్టీమ్‌రోలర్'.

గమనిస్తే దాదాపు పుట్టిన క్రమంలోనే ఉన్నాయి. మొదటి వైపు 1968 నుంచి 1971 దాకా, రెండో వైపు 1972 నుంచి 1976 దాకా. 'స్టీమ్‌రోలర్' ఒక్కటే వరస తప్పింది. రికార్డు తిప్పి వేసేసరికి మనిషి కూడా మారిపోయినట్టుంటాడు. ఒంటి గిటార్ కుర్రాడు కాస్తా శాక్సఫోన్లు, కోరస్‌లు ఉన్న గాయకుడు అవుతాడు. సీడీలోనో ఫోన్‌లోనో వింటే ఆ మలుపు తెలియదు.

మొదటి రెండు పాటలు మళ్లీ ఎందుకు రికార్డు చేశారు?

ఎక్కువమంది అడిగేది ఇదే. కాబట్టి కొంచెం వెనక్కి వెళ్లాలి.

1968లో టేలర్‌కు ఇరవై ఏళ్లు. న్యూయార్క్‌లో 'ఫ్లయింగ్ మెషీన్' అని పెట్టుకున్న బ్యాండ్ విడిపోయింది, హెరాయిన్ అలవాటైంది. ఇక్కడ లాభం లేదని లండన్ వెళ్లాడు. స్నేహితుడు, గిటారిస్ట్ డానీ కోర్చ్‌మార్ ఒక ఫోన్ నంబర్ ఇచ్చాడు. అది పీటర్ ఆషర్‌ది. 'పీటర్ అండ్ గోర్డన్' జంటలో ఒకడైన ఆషర్, బీటిల్స్ అప్పుడే పెట్టిన ఆపిల్ రికార్డ్స్‌లో కొత్త గాయకులను వెతికే పనిలో ఉన్నాడు. ఆయన టేలర్‌ను పాల్ మెకార్ట్నీ, జార్జ్ హారిసన్‌ల ముందు కూర్చోబెట్టి పాడించాడు. అప్పుడు పాడింది 'సమ్‌థింగ్ ఇన్ ద వే షీ మూవ్స్'. బ్రిటన్ బయటినుంచి ఆపిల్ తీసుకున్న మొదటి కళాకారుడు టేలరే.

ఆ ఏడాదే ట్రైడెంట్ స్టూడియోలో మొదటి ఆల్బమ్ రికార్డయింది. అదే రోజుల్లో బీటిల్స్ తమ 'వైట్ ఆల్బమ్' పనిలో ఉన్నారు. 'కరోలైనా'లో బేస్ గిటార్ వాయించింది మెకార్ట్నీ. ఇంత చేసినా ఆల్బమ్ అమ్ముడుపోలేదు. ఆపిల్‌లో పెత్తనం బీటిల్స్ కొత్త మేనేజర్ అలన్ క్లైన్ చేతికి వెళ్లింది, ఆషర్ బయటికి వచ్చేశాడు, టేలర్‌నూ వెంట తెచ్చుకుని వార్నర్‌లో చేర్చాడు. పాటలైతే మనిషితో వచ్చాయి, టేపులు మాత్రం ఆపిల్ దగ్గరే ఉండిపోయాయి.

1976లో వార్నర్ ఈ సంకలనం వేయబోతే ఆ రెండు పాటలూ లేకుండా కుదరదు. ఆపిల్ రికార్డింగ్‌లు వాడుకునే వీలు చిక్కలేదు. దాంతో టేలర్ మళ్లీ స్టూడియోకి వెళ్లి రెండూ కొత్తగా పాడాడు.

ఆపిల్ అంటే ఐఫోన్ ఆపిలేనా?

కాదండీ. ఇది బీటిల్స్ వాళ్లది, పచ్చ ఆపిల్ పండు బొమ్మ ఉన్నది. తమాషా ఏమిటంటే కంప్యూటర్ల ఆపిల్ పుట్టిందీ 1976లోనే, ఏప్రిల్ 1న. ఆ పేరు మీద రెండు కంపెనీలూ దశాబ్దాల పాటు కోర్టుల చుట్టూ తిరిగి 2007లో రాజీకొచ్చాయి.

పాట ఆయన రాసిందే కదా, ఇంకొకరి అనుమతి దేనికి?

ఒక పాటకు రెండు తాళాలుంటాయి. మొదటిది రచన మీద, అంటే మాటా వరసా. రెండోది రికార్డింగ్ మీద, అంటే ఫలానా రోజు ఫలానా స్టూడియోలో టేపు మీదికి ఎక్కిన శబ్దం. దీన్నే మాస్టర్ అంటారు. ఆ రోజుల్లో స్టూడియో ఖర్చు కంపెనీ పెట్టుకునేది గనక మాస్టర్ కంపెనీదే అయ్యేది. అమెరికా చట్టం ప్రకారం ఒక పాట ఒకసారి విడుదలైతే, నిర్ణయించిన రాయల్టీ కట్టి దాన్ని ఎవరైనా మళ్లీ రికార్డు చేసుకోవచ్చు. పాత టేపును కాపీ చేసి అమ్మాలంటే మాత్రం మాస్టర్ యజమాని ఒప్పుకోవాలి. రెండో తాళం తెరుచుకోలేదు కాబట్టి మొదటి తాళం దారిలో వెళ్లారు. అంతే.

మనవాళ్లకు ఈ గొడవ తెలియంది కాదు. 2017లో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు అమెరికాలో కచేరీలు చేస్తుండగా ఇళయరాజా గారి తరఫున నోటీసు వచ్చింది, తన పాటలు అనుమతి లేకుండా వేదికల మీద పాడొద్దని. అక్కడ నడిచింది మొదటి తాళం గురించి. తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఎన్ని రోజులు వాదించుకున్నామో గుర్తుంది కదా. ఆ వాదనల్లో సగం ఈ రెండు తాళాలనూ ఒకటిగా కలిపేయడం వల్ల వచ్చినవే.

టేలర్ స్విఫ్ట్ చేసింది కూడా ఇదేగా? ఆమెకు ఈయనకు చుట్టరికమా?

చుట్టరికం లేదు, పేరు మాత్రం ఈయనదే. ఆమె తల్లిదండ్రులు జేమ్స్ టేలర్ పేరు చూసే పెట్టుకున్నారు. ఆ పిల్ల పెద్దదై తన పాత మాస్టర్లు వేరేవాళ్ల చేతికి పోయాయని 2021 నుంచి ఒక్కో ఆల్బమే మళ్లీ పాడి విడుదల చేసింది. 2025లో ఆ మాస్టర్లనే కొనేసుకుంది. 45 ఏళ్ల ముందు పెద్దాయన రెండు పాటలకు చేసిన పనిని ఆమె ఆల్బమ్‌లకు ఆల్బమ్‌లే చేసింది. ఒక తేడా ఉంది. ఈయన గొడవేమీ చేయలేదు, కొత్త రికార్డింగులని చాటింపూ వేయలేదు. అప్పట్లో కొన్నవాళ్లలో ఎంతోమంది పాతవే అనుకుని విని ఉంటారు.

1968 రికార్డింగ్, 1976 రికార్డింగ్: ఏది బాగుంటుంది?

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒకదాని తర్వాత ఒకటి వినండి. 1968 'కరోలైనా' కొంచెం తొందరగా నడుస్తుంది. మెకార్ట్నీ బేస్ ఒకచోట కుదురుగా ఉండదు, గాయకుడి పక్కనే గెంతుతూ నడిచే చిన్నపిల్లాడిలా ఉంటుంది. ఆ ఆల్బమ్ మొత్తానికి రిచర్డ్ హ్యూసన్ ఆర్కెస్ట్రా హంగులు చేశాడు, పాటకూ పాటకూ మధ్య వాద్యాల ముక్కలు కూడా పెట్టాడు. నాకైతే కొన్నిచోట్ల పప్పన్నంలో మసాలా ఎక్కువైనట్టు ఉంటుంది.

1976ది నిదానం. వెనకాల పెడల్ స్టీల్ గిటార్ సాగుతుంటుంది, సాయంత్రం పూట దూరంగా రైలు వెళ్తున్నట్టు. గొంతు కూడా మారింది. ఇరవై ఏళ్లప్పుడు అది పరాయి దేశంలో కూర్చుని ఇల్లు గుర్తొచ్చిన కుర్రాడి గొంతు, కాస్త పలచన. ఇరవై ఎనిమిదిలో నిండింది. రేడియోల్లో, కచేరీల్లో జనం చెవులకు అలవాటైంది రెండోదే.

నా ఓటు: 'కరోలైనా' 1976ది, 'సమ్‌థింగ్' 1968ది. ఆపిల్ వాళ్ల ముందు పాడినప్పటి బెరుకు ఆ పాతదాంట్లో ఇంకా వినబడుతుంది. ఇంట్లో మాత్రం దీనికి ఒప్పుకునేవాళ్లు లేరు.

బీటిల్స్ 'సమ్‌థింగ్' ఈ పాటకు కాపీ అంటారు, నిజమా?

జార్జ్ హారిసన్ పాట మొదటి వాక్యం టేలర్ పాట పేరే. అక్కడినుంచి రెండింటి దారీ వేరు. టేలర్ దీని గురించి ఎప్పుడూ కోపంగా మాట్లాడలేదు. తన పాట చివర వచ్చే 'ఐ ఫీల్ ఫైన్' అనే మాట తాను బీటిల్స్ పాట నుంచే తీసుకున్నానని ఆయనే చెప్పుకున్నాడు. చెల్లుకు చెల్లు.

'ఫైర్ అండ్ రెయిన్' విమాన ప్రమాదం గురించా?

ఇంగ్లీషువాళ్లలోనే సగం మంది అలా అనుకుంటారు. పాటలో చెప్పిన స్నేహితురాలు విమాన ప్రమాదంలో పోయిందని, ఆ విమానం టికెట్ ఈయనే కొనిచ్చాడని ఒక కథ చాలాకాలంగా తిరుగుతోంది. అబద్ధం.

పాటలో మూడు చరణాలకు మూడు సంగతులు. మొదటిది ఒక స్నేహితురాలి ఆత్మహత్య. టేలర్ లండన్‌లో ఆల్బమ్ పనిలో ఉన్నాడు, చెబితే మనసు చెదురుతుందని స్నేహితులు నెలల తరబడి ఆ వార్త దాచారు. తీరా తెలిసేసరికి ఏడవడానికి కూడా ఆలస్యమైపోయింది. రెండో చరణం హెరాయిన్‌తో పెనుగులాట. మూడోది మసాచుసెట్స్‌లో ఆస్టిన్ రిగ్స్ అనే మానసిక చికిత్సాలయంలో కోలుకుంటూ వెనక్కి తిరిగి చూసుకోవడం. ముక్కలై నేలమీద పడి ఉన్న 'ఫ్లయింగ్ మెషీన్స్' అనే మాట విమానాల గురించి కాదు, న్యూయార్క్‌లో విడిపోయిన ఆ బ్యాండ్ గురించి.

రికార్డింగ్‌లో ఒక్క విషయం పట్టి వినండి. డ్రమ్మర్ రస్ కంకెల్ కర్రలతో కాకుండా బ్రష్‌లతో వాయించాడు. ఒంటి గిటార్ మీద కర్రలు పడితే అది నలిగిపోయేది. బ్రష్ పడేసరికి డ్రమ్ము దూరంగా ఉరిమినట్టు ఉంటుంది. పియానో గాయని కరోల్ కింగ్‌ది. డబుల్ బేస్‌ను బాబీ వెస్ట్ కమానుతో లాగాడు, ఆ మూలుగు చివరి పల్లవిలో బాగా తెలుస్తుంది.

'యూవ్ గాట్ ఎ ఫ్రెండ్' ఆయన పాట కాదా?

కరోల్ కింగ్ రాసింది. ఆమె 'టాపెస్ట్రీ' ఆల్బమ్‌లోనూ ఉంది, టేలర్ 'మడ్ స్లైడ్ స్లిమ్'లోనూ ఉంది, రెండూ 1971లోనే. 'ఫైర్ అండ్ రెయిన్'లో స్నేహితుడు దొరకని ఒంటరి వేళల మాట ఒకటి వస్తుంది. దానికి జవాబుగా పుట్టిన పాట ఇదని చెప్తారు. అంటే ఈ ఎల్పీ మొదటి వైపున మూడో పాట అడిగితే ఆరో పాట జవాబిస్తుంది. నంబర్ 1 అయిన టేలర్ సింగిల్ ఇదొక్కటే. ఆయనకు ఉత్తమ గాయకుడి గ్రామీ, ఆమెకు సాంగ్ ఆఫ్ ద ఇయర్ గ్రామీ వచ్చాయి. వెనక వినబడే ఆడగొంతు జోనీ మిచెల్‌ది.

'కంట్రీ రోడ్' అంటే "టేక్ మీ హోమ్" పాటేగా?

మా బావ మొదటిసారి వచ్చినప్పుడు కవరు తిప్పి చూసి "ఓ, ఇది మా ఇంజినీరింగ్ కాలేజీ హాస్టల్లో పాడేవాళ్లం రా" అన్నాడు. కాదు బావా, అది జాన్ డెన్వర్‌ది, 1971. ఇది అంతకు ఏడాది ముందుది, వేరే పాట. ఆయనకు ఇప్పటికీ నమ్మకం కుదరలేదు.

'స్వీట్ బేబీ జేమ్స్' అంటే తన గురించి తానే రాసుకున్నాడా?

కాదు, అన్న కొడుకు గురించి. అన్న అలెక్స్‌కు బిడ్డ పుడితే తమ్ముడి పేరే పెట్టాడు. మసాచుసెట్స్ నుంచి నార్త్ కరోలైనాకు కారేసుకుని ఆ బిడ్డను చూడ్డానికి వెళ్తూ దారిలో అల్లుకున్న జోలపాట. మొదటి చరణంలో ఒంటరి పశువుల కాపరి, రెండో చరణంలో మంచు కప్పిన బర్క్‌షైర్ కొండలు, స్టాక్‌బ్రిడ్జ్ నుంచి బోస్టన్ దాకా దారి. తన పాటల్లో ఏది ఇష్టమని అడిగితే టేలర్ ఎక్కువగా దీని పేరే చెప్తాడు.

నడక మూడు మూడుగా సాగే వాల్ట్జ్, మన లెక్కలో తిశ్రం. మా అమ్మ తెనాలి నుంచి వచ్చి ఉన్న రోజుల్లో ఒక మధ్యాహ్నం ఇది పెట్టాను. ఆవిడకు ఇంగ్లీషు రాదు. కందిపప్పులో రాళ్లు ఏరుతూ ఏరుతూ చేట ఊపడం మొదలుపెట్టి, "ఇదేదో జోలపాటలా ఉందిరా" అంది. నేనేమీ చెప్పలేదు.

రెండో వైపు అంత గొప్పగా ఉండదంటారు?

నేనూ అలాగే అనుకునేవాణ్ని. 'డోంట్ లెట్ మీ బి లోన్లీ టునైట్'లో మైఖేల్ బ్రెకర్ శాక్సఫోన్ ఒక్కటి చాలు ఆ మాట వెనక్కి తీసుకోడానికి. 2001లో అదే పాటను బ్రెకర్ ఆల్బమ్‌లో టేలర్ మళ్లీ పాడాడు, దానికి గ్రామీ కూడా వచ్చింది. 'వాకింగ్ మ్యాన్' హిట్ కాదు, ఆ పేరుతో వచ్చిన 1974 ఆల్బమ్ కూడా అంతంతమాత్రమే. అయినా ఇక్కడ చోటిచ్చారు, మంచి పని చేశారు. 'హౌ స్వీట్ ఇట్ ఈజ్' మార్విన్ గే పాట, రాసింది మోటౌన్ రికార్డు కంపెనీకి చెందిన హాలండ్-డోజియర్-హాలండ్ త్రయం. అందులో వెనక పాడింది అప్పటి భార్య కార్లీ సైమన్, శాక్సఫోన్ డేవిడ్ శాన్‌బోర్న్. 'మెక్సికో'లో వంత డేవిడ్ క్రాస్బీ, గ్రాహమ్ నాష్‌లది. 'షవర్ ద పీపుల్' మరీ తియ్యన, నేను అప్పుడప్పుడు సూది ఎత్తేస్తాను.

'స్టీమ్‌రోలర్' ఒక్కటే లైవ్ ఎందుకు?

అది అసలు వెటకారం పాట. బ్లూస్ అంటే, అంటే నల్లజాతి అమెరికన్ల కష్టాల పాట అంటే ఏమిటో తెలియని కాలేజీ కుర్రాళ్లు ఆంప్లిఫయర్లు పెట్టుకుని మాకంత కష్టం, మాకింత బాధ అని అరుస్తుంటే వాళ్లను ఎగతాళి చేస్తూ రాశాడు. నేను స్టీమ్‌రోలర్‌ని, నేను సిమెంట్ మిక్సర్‌ని అంటూ బడాయి పోతుంది. 1970 స్టూడియో రికార్డింగ్‌లో ఆ హాస్యం ఒక మోస్తరుగానే తెలుస్తుంది. జనం ముందు పాడితే గొంతు సాగదీసి, చివర్లు విరిచి, బాగా ఆడుకుంటాడు. నవ్వులు వినబడాలంటే జనం ఉండాలిగా. ఎల్విస్ ప్రెస్లీ మాత్రం 1973లో హవాయి కచేరీలో దీన్ని నిజం బ్లూస్‌లాగే పాడేశాడు, అదీ హిట్టయింది.

'మాకింగ్‌బర్డ్' ఎందుకు లేదు?

1974లో కార్లీ సైమన్‌తో కలిసి పాడింది, 5వ స్థానం దాకా వెళ్లింది. హిట్ల లెక్కన ఇక్కడి తొమ్మిది పాటల కన్నా పెద్దదే. కానీ అది కార్లీ ఆల్బమ్ 'హాట్‌కేక్స్'లోది, ఎలెక్ట్రా కంపెనీ వేసింది. మొగుడూ పెళ్లాలది ఒకే ఇల్లయినా కంపెనీలు వేరు. 'లాంగ్ ఎగో అండ్ ఫార్ అవే' లేకపోవడమే నాకు ఎక్కువ బాధ. 31వ స్థానానికి వెళ్లింది, జోనీ మిచెల్ గొంతు ఉంది, వార్నర్‌దే. దాన్ని పక్కనపెట్టడానికి నాకు ఏ కారణమూ కనబడదు.

ఎంత అమ్ముడైంది?

విడుదలైనప్పుడు పెద్ద సంచలనమేమీ కాదు, చార్టులో మొదటి పదిలోకి కూడా వెళ్లలేదు. కానీ అమ్మకం ఆగలేదు. కాలేజీలో చేరే పిల్లలకు, పెళ్లిళ్లకు, కొత్తగా సీడీ ప్లేయర్ కొన్నవాళ్లకు, ఇలా ఏళ్ల తరబడి కిరాణా కొట్లో ఉప్పులాగా పోతూనే ఉంది. అమెరికాలో కోటి కాపీలు దాటిన ఆల్బమ్‌లకిచ్చే డైమండ్ సర్టిఫికేట్ దీనికి ఉంది. ఆయన స్టూడియో ఆల్బమ్ ఏదీ ఆ దరిదాపుల్లో లేదు.

రెండో భాగం ఉందా?

ఉంది. 'గ్రేటెస్ట్ హిట్స్ వాల్యూమ్ 2', కొలంబియా, 2000. 'హ్యాండీ మ్యాన్', 'యువర్ స్మైలింగ్ ఫేస్', 'అప్ ఆన్ ద రూఫ్' లాంటివి అందులో ఉన్నాయి. బాగుంటుంది. మొదటిదానికున్న కథ దానికి లేదు.

గిటార్ నేర్చుకుంటున్నాను. ఏ పాటతో మొదలుపెట్టను?

'ఫైర్ అండ్ రెయిన్'. మూడో ఫ్రెట్‌లో కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్పు) పెట్టి 'ఏ' షేప్‌లో వాయించాలి. 'యూవ్ గాట్ ఎ ఫ్రెండ్' రెండో ఫ్రెట్‌లో కేపో, 'జీ' షేప్. 'కంట్రీ రోడ్'కు లావు తీగను 'డి'కి దించాలి. పిక్ వాడడు, అంతా వేళ్లతోనే. చిన్నప్పుడు చెల్లో నేర్చుకున్న మనిషి, అందుకేనేమో ఆయన బొటనవేలు బేస్ వాయిద్యం పని విడిగా చేస్తూ పోతుంది.

శ్రుతి విషయంలో ఒక చిట్కా. ట్యూనర్ సరిగ్గా మధ్యలో ఆగేలా తీగలు బిగించడు. ఒక్కో తీగనూ రవ్వంత తగ్గిస్తాడు, లావు తీగలను ఎక్కువగా, సన్న తీగలను తక్కువగా. కేపో బిగించినప్పుడు, తీగను గట్టిగా మీటినప్పుడు శ్రుతి కొంచెం పైకి జరుగుతుంది గనక ముందే ఆ చోటు వదులుతాడన్నమాట. తన వెబ్‌సైట్‌లో పెట్టిన ఉచిత పాఠాల్లో ఆయనే కూర్చుని చూపించాడు. తంబురా శ్రుతి చేసేవాళ్లకు ఇది విప్పి చెప్పక్కర్లేదు.

పాత ఎల్పీ కొంటే ఏం చూసుకోవాలి?

ముందు కవరులో రికార్డు ఉందో లేదో, ఉన్నది అదేనో కాదో చూసుకోండి. నేను మొదటిసారి ఒక పాత రికార్డుల కొట్లో కవరు మెరుపు చూసి కొనేసి, ఇంటికొచ్చి సూది పెడితే క్రిస్మస్ పాటలు మొదలయ్యాయి. కొట్టువాడు వాపసు తీసుకోనన్నాడు. ఆ రికార్డు ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది, ఏటా డిసెంబర్‌లో వేస్తాం.

తొలినాటి ప్రతుల లేబుల్ మీద బర్‌బ్యాంక్ వీధి, రెండువైపులా ఈత చెట్ల లాంటి పామ్ చెట్ల బొమ్మ ఉంటుంది. కోటికి పైగా అమ్ముడైంది కాబట్టి అరుదైన వస్తువేం కాదు, ఎవరైనా ఎక్కువ ధర చెబితే నవ్వి పక్కకు రండి. వెలుతురులో వంచి చూసి, 'ఫైర్ అండ్ రెయిన్' గాడి దగ్గర గీతలు తక్కువున్నది తీసుకోండి. అందరూ అరగదీసేది అక్కడే.

ఫోన్‌లో వింటే తేడా ఉందా?

పాటలకేం తేడా లేదు. ఆపిల్ ఆల్బమ్ కూడా 2010లో శుభ్రం చేసి మళ్లీ వేశారు. యాప్‌లో 'కరోలైనా' అని వెతికితే స్టూడియోవి, లైవ్‌వి కలగలిపి వస్తాయి. పాట పేరు కాదు, కింద ఆల్బమ్ పేరు చూడండి. 'జేమ్స్ టేలర్' అని ఉంటే 1968ది, 'గ్రేటెస్ట్ హిట్స్' అని ఉంటే 1976ది.

నార్త్ కరోలైనాలో ఉంటున్నాం. చూడ్డానికి ఏమైనా ఉందా?

ఉంది. టేలర్ పుట్టింది బోస్టన్‌లోనైనా మూడేళ్లప్పటినుంచి పెరిగింది చాపెల్ హిల్‌లో. తండ్రి ఐజాక్ టేలర్ అక్కడి యూనివర్సిటీ వైద్య కళాశాలకు డీన్‌గా చేశాడు. ఊరి దక్షిణాన 15-501 రోడ్డు మోర్గన్ క్రీక్ వాగును దాటేచోట వంతెనకు 2003లో ఆయన పేరు పెట్టారు.

క్యారీలో, మారిస్‌విల్‌లో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో చెప్పక్కర్లేదు. క్యారీ వెంకటేశ్వరస్వామి గుడి నుంచి అరగంట ప్రయాణం. ఆదివారం దర్శనం చేసుకుని, పులిహోర ప్రసాదం పొట్లం చేతపట్టుకుని వెళ్లొచ్చు. పెద్ద కట్టడం అనుకునేరు, మామూలు రోడ్డు వంతెన. కార్లో రెండు క్షణాల్లో దాటేస్తాం. పక్కన బండి ఆపుకుని కిందికి దిగితే వాగు, చెట్లు, పైన కార్ల చప్పుడు. మావాళ్లు "ఇంతేనా?" అన్నారు. ఇంతే. కారెక్కి మొదటి వైపు రెండో పాట పెట్టాను, 1976ది.